పిడి లేని టేకు కర్ర: ఇంటి బేకింగ్‌లో ఏడాది వాడాక

మా ఇంట్లో ఇప్పుడు పిండి ఒత్తే కర్రలు మూడున్నాయి. మొదటిది మా అత్తగారు కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న అప్పడాల కర్ర. రెండవది నేను ఆన్‌లైన్‌లో కొన్న, రెండు కొసలా పిడులుండి మధ్యలో దొర్లే బేరింగుల కర్ర. మూడవది నిరుడు విజయవాడలో ఒక లేతు (చెక్కను గుండ్రంగా తిప్పుతూ చెక్కే యంత్రం) పనివారి దగ్గర తిప్పించుకున్న టేకు కర్ర. దానికి పిడులు లేవు, నగిషీ లేదు, రంగు లేదు, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే లావు. వారానికి రెండు సార్లయినా బిస్కెట్లకో, ‘పై’ (pie, పిండి పలకలో పండ్లో కూరో పెట్టి కాల్చే వంటకం) అడుగుకో, దాల్చినచెక్క రోల్స్‌కో పిండి ఒత్తుతూ ఏడాదికి పైగా దీన్ని వాడాను కనుక, ఇంట్లో బేకింగ్ చేసుకునేవారు కర్ర ఎంచుకునేటప్పుడు ఏమేమి చూసుకోవాలో నా అనుభవం మీద చెప్పగలను. ఓవెన్ కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరిగి, లీటర్లూ వాట్లూ చూసుకుని కొంటాం. కర్ర దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఉన్నది చాలదా అనుకుంటాం. నేనూ నాలుగేళ్ళు అలాగే అనుకున్నాను, ఆ నాలుగేళ్ళూ తప్పంతా ఓవెన్ మీదే వేశాను.

అప్పడాల కర్రను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నడుమ కాస్త లావుగా, కొసలకు పోయేకొద్దీ సన్నంగా ఉండే ఆ ఆకారం వెనుక ఎన్నో తరాల వంటింటి అనుభవం ఉంది. ఒక చేతిని రవంత ఎక్కువ నొక్కితే చాలు, చపాతీ కర్ర కింద తనంతట తానే తిరిగి గుండ్రంగా వస్తుంది. గట్టి మినప్పిండి ఉండను పలుచని అప్పడంగా సాగదీయాలన్నా ఆ సన్నని కర్రే తగినది, ఎందుకంటే లావు తక్కువైన కొద్దీ చేతి బలమంతా ఒకే సన్నని గీత మీద పడుతుంది. అయితే చపాతీ అడ్డుకొలత ఆరేడు అంగుళాలకు మించదు. బేకింగ్‌లో లెక్క వేరు. 9 అంగుళాల పై పళ్ళేనికి పక్క గోడలు, అంచు మడత కలుపుకుంటే 12 అంగుళాల వృత్తం కావాలి. బిస్కెట్లకైతే దాదాపు ట్రే అంత పలక కావాలి. మా అత్తగారి కర్ర మొత్తం పొడవు 13 అంగుళాలు, చేతులు పట్టుకునే సన్నని భాగాలు పోగా పిండికి తగిలేది 7 అంగుళాలే. దానితో పెద్ద పలక ఒత్తితే కర్ర పొట్ట నడిచిన చోటల్లా గాడి, ఆ గాడి పక్కన గట్టు. దమ్ము చేసి చదును చేసిన మడిలా ఉండవలసిన పిండి, చాళ్ళు తోలిన చేనులా తయారవుతుంది.

ఒకసారి ఉస్మానియా బిస్కెట్ల కోసం ఒత్తిన పలకను పట్టుదలగా కత్తితో అడ్డంగా కోసి, కోసిన అంచుకు స్కేలు ఆనించి చూశాను. నడుమ 4 మిల్లీమీటర్లు, పక్కన 7. ఒకే ట్రేలో, ఒకే వేడిలో, ఇంచుమించు రెండింతల తేడా ఉన్న బిస్కెట్లు పెట్టి, అన్నీ ఒకేసారి ఒకే రంగుకు రావాలని ఎదురుచూస్తున్నానన్నమాట. సన్నవాటి అంచు మాడే వేళకు మందమైనవాటి నడుమ ఇంకా పచ్చిగానే ఉండేది. నేను ట్రేను పైఅరకు మార్చాను, కింది అరకు మార్చాను, వేడి పది డిగ్రీలు తగ్గించాను, చివరికి ఓవెన్ థర్మామీటరు కూడా కొన్నాను. ఓవెన్‌లో ఏ లోపమూ లేదు.

ఆ తరువాతే బేరింగుల కర్ర కొన్నాను. చూడడానికి బాగుంటుంది, పిడులు పట్టుకుని తోస్తే సులువుగా దొర్లుతుంది, పిండికి తగిలే భాగం కూడా 10 అంగుళాలు. మొదటి నెలలో బిస్కెట్లు నిజంగానే మెరుగయ్యాయి. కానీ అందులో రెండు ఇబ్బందులు కనిపించాయి. మొదటిది, చేతులు పిడుల మీద ఉంటాయి, పిండి మీద ఉండవు. పిండి ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ జారిపోతోంది అన్నది అరచేతికి తెలియదు. రెండవది ఇంకా పెద్దది. దొర్లే కర్ర లోపల ఒక ఇనుప కడ్డీ, దాని రెండు కొసల దగ్గర బేరింగులు ఉంటాయి. ఎంత జాగ్రత్తగా తుడిచినా ఆ సందుల్లోకి పొడిపిండి, తడి చేరుతూనే ఉంటాయి, వాటిని విప్పి కడిగే వీలు ఉండదు. మూడవ నెలలో కీచుమని చప్పుడు మొదలైంది. ఒక రోజు రెండు గంటలు కష్టపడి, మూడు మడతలు వేసి, ఫ్రిజ్‌లో చల్లబరచిన పఫ్ పిండి మీద కర్ర నడిపితే, పక్కగా వేలెడు పొడవున నల్లని జిడ్డు గీత పడింది. తుప్పు, బేరింగు గ్రీజు కలిసి కారాయి. పావుకిలో వెన్న పోసి చేసిన పిండిని పారేయవలసి వచ్చింది. అమ్మినవారికి ఫొటోలు పంపితే జవాబు రాలేదు. మంచి రకం బేరింగు కర్రలు ఉంటాయనడంలో సందేహం లేదు, కానీ పిండికి తగిలే వస్తువులో విప్పి శుభ్రం చేయలేని సందు ఉండకూడదన్నది ఆనాడు నాకు స్థిరపడిన అభిప్రాయం.

పాలరాతి కర్ర, స్టీలు కర్ర సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే వెన్న పిండికి చల్లని కర్ర మంచిదని చాలామంది సలహా ఇస్తారు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది; వేసవిలో మా వంటింటి వేడే అంతకు మించి ఉంటుంది. కనుక ఆ సలహాలో న్యాయం ఉంది. అయితే కృష్ణ ఒడ్డున మా ఊరి గాలిలో తేమ ఎక్కువ. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు కర్ర రెండు నిమిషాల్లో చెమటలు పడుతుంది, ఆ చెమటకు పిండి అతుక్కుంటుంది, అతుక్కోకుండా మైదా చల్లితే పిండి గట్టిపడుతుంది. పైగా స్టెయిన్‌లెస్ స్టీలు చెక్క కంటే సుమారు వంద రెట్లు వేగంగా వేడిని మోస్తుంది కాబట్టి, కర్ర చల్లదనం తగ్గిన మరుక్షణం నుంచి మన చేతి వేడిని తీసుకెళ్ళి వెన్నకు అందిస్తుంది. చెక్క ఆ పని చేయదు. దాన్ని చల్లబరచనక్కరలేదు, అది పిండిని వేడి చేయకుండా ఉంటే చాలు. చల్లగా ఉండవలసింది పిండి, దాన్ని మధ్యమధ్య ఫ్రిజ్‌లో పెట్టి తీయడమే సరైన పద్ధతి.

ఇక ఈ టేకు కర్ర. ఫ్రాన్సులో పేస్ట్రీ పనివారు పిడులు లేని నున్నని కర్రనే వాడతారని, అక్కడ దానికి బీచ్ చెక్క, అమెరికాలో మేపుల్ చెక్క ఎక్కువగా వాడతారని తెలుసు. అవి రెండూ సన్నని రంధ్రాలున్న గట్టి కలపలు. దిగుమతి అయినవి మన దగ్గర దొరుకుతాయి గాని, ఇంతా చేసి అదొక గుండ్రని కర్ర. మంచం కోళ్ళు, మెట్ల కటకటాలు తిప్పే పనివారు ప్రతి ఊళ్ళోనూ ఉండగా అంత దూరం నుంచి తెప్పించుకోవడం నాకు సబబుగా తోచలేదు. కాగితం మీద కొలతలు రాసుకుని వెళ్ళాను: పొడవు 48 సెంటీమీటర్లు, లావు నాలుగున్నర సెంటీమీటర్లు, కొసల దగ్గర కూడా సన్నబడకూడదు. లేతు ఆయన ఆ కాగితం చూసి, “పిడి వద్దా అమ్మా? గాడి, పూసలు ఏమీ వద్దా?” అని రెండు సార్లు అడిగారు. మూలన నిలబెట్టి ఉన్న కొత్త చెక్క చూపిస్తే ఆయనే వద్దన్నారు. “పచ్చి వాసన ఇంకా పోలేదు. దీంతో చేస్తే వానాకాలానికి వంగిపోద్దమ్మా. పాత దూలం ముక్క ఉంది, చూస్తానుండండి” అని, కూల్చిన పెంకుటింటి టేకు దూలం నుంచి కోసిన ముక్క తీశారు. ఆ ఒక్క మాటతో ఆయన మీద నాకు గురి కుదిరింది.

ఆయన చెప్పిన దానిలో ఉన్న విషయం ఇది. చెక్క ఆరేటప్పుడు అన్ని దిక్కులా ఒకేలా కుంచించుకుపోదు. చెట్టు వలయాల వెంబడి కుంచించుకునేది, వలయాలకు అడ్డంగా కుంచించుకునే దానికి ఇంచుమించు రెండింతలుంటుంది. అందుకే పూర్తిగా ఆరని చెక్కతో నిండు గుండ్రంగా తిప్పిన కర్ర కొన్ని నెలలకు కోడిగుడ్డు కోతలా ఒక పక్కకు నొక్కుకుపోతుంది. మే నెలలో వడగాలి, ఆగస్టులో ముసురు చూసే మన వాతావరణంలో ఈ మార్పు మరీ ఎక్కువ. టేకు ఈ విషయంలో చాలా నమ్మకమైన కలప, అందులోనూ దశాబ్దాలు ఇంటి కప్పు కింద ఆరిన దూలం ఇక కదలవలసినంత కదిలిపోయి ఉంటుంది. అయితే పాత కలపలో రెండు జాగ్రత్తలు అవసరం. పైపొరలో రంగు, తారు, పురుగుమందు పట్టి ఉండవచ్చు కనుక నాలుగు వైపులా పైచెక్క తీసేసి లోపలి చేవ మాత్రమే తీసుకోవాలి. విరిగిన మేకులు లోపల ఉన్నాయేమో చూడాలి. ఇంకొకటి, ఇది కొత్త కర్ర కొనేవారికీ వర్తిస్తుంది. కర్ర కొసను కళ్ళ దగ్గర పెట్టుకుని వలయాలు చూడండి. వలయాలు విల్లులా ఒక పక్కకు వంగి కనిపిస్తే అది పెద్ద మానులోంచి కోసిన ముక్క. వలయాలన్నీ నడిమి చుక్క చుట్టూ నిండు గుండ్రాలుగా ఉంటే, అది కొమ్మను ఉన్నది ఉన్నట్టుగా తిప్పిన కర్ర. అటువంటిది ఈరోజు కాకపోతే రేపు నిలువునా పగులుతుంది. అంగట్లో చవకగా దొరికే కర్రల్లో ఇలాంటివి ఎన్నో చూశాను.

టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, అది ఉలి పదును తినేస్తుంది. ఆ ఒక్క కర్ర పూర్తయ్యేలోపు ఆయన మూడు సార్లు ఉలి సానపట్టడం చూశాను. తిప్పడం అయ్యాక 120, 220, 320 నంబర్ల ఉప్పుకాగితం వరుసగా పట్టారు. ఇక అయిపోయిందనుకుంటే, తడిగుడ్డతో కర్రంతా ఒకసారి తుడిచి ఎండలో పెట్టారు. ఆరాక చేత్తో రాస్తే నున్నగా ఉన్న కర్ర మళ్ళీ సన్నగా గరుకెక్కింది. తడికి చెక్క నూగు లేస్తుందని, ఆ నూగును ఇప్పుడే తీసేస్తే ఇంటికి వెళ్ళి తడి పిండి తగిలినప్పుడు లేవదని చెప్పి, చివరి ఉప్పుకాగితం మళ్ళీ పట్టారు. ఈ పని చేసిన కర్ర అంగట్లో నాకెక్కడా కనిపించలేదు. చెక్కకు, పనికి కలిపి 450 రూపాయలు తీసుకున్నారు, అది ఆ పనికి తక్కువే అనిపించింది.

తీసుకునే ముందు అక్కడే ఒక పరీక్ష చేశాను, ఎవరైనా చేసుకోవచ్చు. చదునైన గ్రానైటు బండ మీద కర్రను పడుకోబెట్టి, వెనుక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి, ఇటు నుంచి వంగి చూడాలి. బండకూ కర్రకూ మధ్య ఎక్కడా వెలుతురు రాకూడదు. మొదటిసారి చూసినప్పుడు నడుమ జానెడు మేర దారంలా వెలుగు కనిపించింది. ఆయన మారుమాట లేకుండా మళ్ళీ లేతు ఎక్కించి సరిచేశారు. తరువాత కర్రను పావు వంతు చొప్పున తిప్పుతూ నాలుగు వైపులా చూశాను, ఎక్కడా వెలుగు లేదు. చివరగా బండ మీద దొర్లించి చెవి పెట్టాను. గుండ్రం సరిగా ఉన్న కర్ర ఒకే స్వరంతో పోతుంది, లేనిది టకటకమంటుంది.

వాడకంలో తెలిసిన మొదటి సంగతి, కర్ర బరువు. తూకం వేస్తే 490 గ్రాములుంది. సన్నని అప్పడాల కర్రను మనం నొక్కాలి. ఇది తన బరువుతో తానే సగం పని చేస్తుంది. అరచేతులు చాపి కర్ర మీద ఆనించి, వేళ్ళ మొదళ్ళ నుంచి మణికట్టు దాకా దొర్లిస్తూ పోతే కింద పిండి ఎక్కడ ఎత్తుగా ఉందో చేతికి వెంటనే తగులుతుంది. చుట్టుకొలత 14 సెంటీమీటర్లు కాబట్టి పిండిలోకి గాడిలా దిగబడదు, ముందుకు నెట్టదు, పైనుంచి అణచుతుంది. 12 అంగుళాల పై వృత్తం ఇప్పుడు నాకు నాలుగైదు నిమిషాల పని. ఎండాకాలంలో ఆ నిమిషాలకు ఉన్న విలువ వెన్న పిండి చేసేవారికి చెప్పనక్కరలేదు. ఒత్తిన పలకను ఈ కర్రకే చుట్టుకుని లేపి పళ్ళెం మీద విప్పవచ్చు, చేతులతో ఎత్తితే చిరిగే పిండి దీని మీద చీర చుట్టినట్టు సుఖంగా వస్తుంది.

అన్నిటికంటే మేలు చేసింది మాత్రం దీని సమానమైన లావు. పిండికి రెండు పక్కలా ఒకే మందమున్న రెండు చెక్క స్కేళ్ళు పెట్టి, కర్ర రెండు కొసలూ ఆ స్కేళ్ళ మీద నడిచేలా దొర్లిస్తే, పిండి సరిగ్గా స్కేలు మందానికి వచ్చి ఆగిపోతుంది. పిల్లల బడి స్కేళ్ళు రెండు కొలిచి చూస్తే మూడు మిల్లీమీటర్లున్నాయి, పై అడుగుకు అవి చాలు. రెండేసి కలిపి కట్టి ఆరు మిల్లీమీటర్లు చేస్తే బిస్కెట్లకు సరిపోతాయి. నడుమ పొట్ట ఉన్న కర్రతో ఈ ఉపాయం పనిచేయదు, 10 అంగుళాల బేరింగు కర్రకు పలక వెడల్పు దాటి స్కేళ్ళను అందుకునే పొడవు చాలదు. అదే పిండితో, అదే ఓవెన్‌లో, అదే 170 డిగ్రీల దగ్గర, మొదటిసారి ట్రే నిండా బిస్కెట్లు ఒకే బంగారు రంగులో వచ్చిన రోజున నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు.

లోపాలు లేవనను. ఇది వంటింటి సొరుగులో పట్టదు. నేను గోడకు రెండు మేకులు కొట్టి వాటి మీద అడ్డంగా పెట్టుకున్నాను. బండ మీద వదిలేస్తే దొర్లిపోతుంది, ఒకసారి పడి కొస దగ్గర చిన్న నొక్కు పడింది. అప్పటి నుంచి పక్కన మడిచిన గుడ్డ పెడుతున్నాను. టేకు చెక్కలో రంధ్రాలు కంటికి కనిపించేంత పెద్దవి, తడి పిండి వాటిలో చేరుతుంది. ఈ ఒక్క విషయంలో బీచ్, మేపుల్ కర్రలు దీనికంటే మెరుగని ఒప్పుకోవాలి. బొటనవేలి గోరుతో గీకి చూస్తే మొదటి నెలల్లో తెల్లని చుక్కలు కనిపించేవి, నూనె పట్టించాక తగ్గాయి. మణికట్టు నొప్పి ఉన్నవారికి పిడులు లేని కర్ర నిజానికి సుఖం, ఎందుకంటే పిడికిలి బిగించనక్కరలేదు. కానీ చిన్న చేతులున్నవారు లావు నాలుగు సెంటీమీటర్లకు తగ్గించుకుంటే మంచిది.

వేరే కలపలు అడిగేవారి కోసం నాలుగు మాటలు. షీషమ్ బరువుగా, గట్టిగా, అందంగా ఉంటుంది, బాగా ఆరినది దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు. చింత చెక్క ఎంత గట్టిదో మాంసం కొట్టే మొద్దు చూసిన అందరికీ తెలుసు, కానీ తిప్పడం కష్టమని పనివారు ఒప్పుకోరు. ఏటికొప్పాక పనివారు అంకుడు కర్రను తిప్పి లక్క రంగులు ఎక్కించి చేసే వస్తువులంటే నాకు ప్రాణం, మా ఇంట్లో ఆ బొమ్మలు అరనిండా ఉన్నాయి. అయినా అంకుడు మెత్తని చెక్క, పైగా బేకింగ్ కర్ర మీద అంటిన పిండిని రోజూ గీకాలి. గీకే చోట లక్కే కాదు, ఏ రంగూ, ఏ వార్నిషూ ఉండకూడదు. అంగట్లో తళతళలాడే కర్ర కనిపిస్తే ఆ తళుకు ఏమిటో అడగండి.

నూనె విషయంలో పొరపాట్లు ఎక్కువ జరుగుతాయి. వేరుశనగ నూనె, నువ్వుల నూనె రాస్తే కొన్ని వారాలకు పాత నూనె వాసన పడుతుంది, ఆ వాసన బిస్కెట్లకు ఎక్కుతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో తలుపులకు అమ్మే మరిగించిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు, దాన్ని వంట వస్తువుకు రాయరాదు. మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్ చెడిపోదు, వాసన ఉండదు. రెండు నెలలకొకసారి ఒక చెంచా రాసి, రాత్రంతా ఉంచి, పొద్దున పొడిగుడ్డతో తుడిచేస్తున్నాను. పని అయ్యాక ప్లాస్టిక్ గీకుడు బిళ్ళతో పిండి గీకి, తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి గాలి తగిలే చోట పెట్టాలి. సింకులో నానబెట్టడం, గిన్నెలు కడిగే యంత్రంలో వేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. గత వర్షాకాలంలో ఒకసారి తడి ఆరకముందే సంచిలో చుట్టి ఊరెళ్ళాను, వారానికి బూజు పట్టింది. సన్నని ఉప్పుకాగితంతో రుద్ది, ఎండలో పెట్టి, మళ్ళీ నూనె పట్టిస్తే గాని పూర్వస్థితికి రాలేదు.

నెలకొకసారి కేకు మాత్రమే చేసుకునేవారికి ఈ కర్ర అవసరం లేదు, ఇంట్లో ఉన్న చపాతీ కర్రతో వెళ్ళిపోతుంది. బిస్కెట్లు, పై, పఫ్, రోల్స్ తరచుగా చేసేవారు మాత్రం కొత్త అచ్చులు కొనే ముందు దీన్ని సమకూర్చుకోవాలని గట్టిగా చెబుతాను. మొన్న సంక్రాంతికి మా అత్తగారు కజ్జికాయల పిండిని ఒక్కొక్క పూరీగా ఒత్తకుండా, ఈ కర్రతో ఒకే పలకగా పరిచి, స్టీలు డబ్బా మూతతో గుండ్రాలు కోశారు. ఎప్పుడూ పూటంతా పట్టే పని రెండు గంటల్లో ముగిసింది, ఒక్కటి కూడా నూనెలో విచ్చుకోలేదు. మరునాడు అప్పడాలకు మాత్రం తన పాత కర్రే తీసుకున్నారు.